ఆరు మోతాదుల సీసా

కుదురుగా కూర్చోవడమనే విద్య కాంపౌండరుకు ఎవరూ నేర్పలేదు. అన్నం తింటూ రెండుసార్లు లేస్తాడు. పేపరు మొదలుపెడితే మూడో పేజీ దగ్గర లేస్తాడు. మంచం మీద వాలి, కళ్లు మూసి, ఇక నిద్రపట్టిందిలే అని భార్య అనుకునేలోపు లేచి బాల్కనీలోకి పోతాడు. కాలుగాలిన పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు నొప్పి తగ్గుతుంది. ఈయనకు రిటైరై నాలుగేళ్లయినా తగ్గలేదు.

అసలు జబ్బు కాళ్లది కాదు, చేతులది. ముప్ఫై రెండేళ్లు ఆ చేతులు మందులు కలిపాయి. వీధి చివర పెద్ద డాక్టరు గారి ఆస్పత్రిలో, గోడకు కోసిన చిన్న కిటికీ వెనక, జానెడు చెక్క బల్ల ముందు నిలబడి కలిపాయి. డాక్టరు గారు చీటీ మీద మూడు ముక్కలు గీకితే, ఈయన పొడులు తూచి, గీతల గాజు గొట్టంలో నీళ్లు కొలిచి, సీసాలో పోసి, బిరడా బిగించి కుదిపేవాడు. ఆ తర్వాత కాగితాన్ని మడతలు పెట్టి అంచులు కత్తిరించి విప్పితే, మెట్లు మెట్లుగా ఒక చీటీ వచ్చేది. దాన్ని మైదా జిగురుతో సీసా పక్కన నిలువుగా అంటించేవాడు. ఆరు మెట్లంటే ఆరు మోతాదులు. చదువు రానివాళ్లకు కూడా ఆ మెట్లు అర్థమయ్యేవి. పొద్దున ఒక మెట్టు దిగాలి, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి ఒకటి. సీసా ఖాళీ అయ్యేసరికి జ్వరమూ దిగేది. దిగకపోతే అది డాక్టరు గారి తప్పే తప్ప తన తప్పు కాదని కాంపౌండరు గట్టి నమ్మకం.

ఆయన సహించలేని మాట ఒకటుంది. సుమారు. ఎవరైనా "సుమారుగా ఒక చెంచాడు" అంటే ఒంటికాలి మీద లేచేవాడు. "సుమారుగా అన్నం తిను, సుమారుగా స్నానం చెయ్యి, ఎవరూ అడగరు. మందు దగ్గర మాత్రం ఆ మాట అనకు" అనేవాడు. పెళ్లయిన కొత్తలో భార్య కూరలో ఉప్పు చేత్తో వేస్తుంటే పక్కన నిలబడి నిట్టూర్చాడట. ఆవిడ గరిటె తిరగేసి చూపించేసరికి వంటింట్లోంచి శాశ్వతంగా తప్పుకున్నాడు.

పెద్ద డాక్టరు గారు పోయాక ఆయన కూతురే డాక్టరమ్మగా వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మంచి పిల్ల. చిన్నప్పుడు ఆ కిటికీ దగ్గర నిలబడి ఖాళీ సీసాలు అడిగిన పిల్లే. "ఇప్పుడన్నీ రెడీమేడ్ సీసాలే కదా అంకుల్, మీకెందుకు శ్రమ?" అంది ప్రేమగా. ఆ ప్రేమతో ఆయన పని కాస్తా పోయింది. చివరి ఆరేళ్లూ మాత్రల అట్టలు కత్తిరించి కవర్లలో వేసి, కవరు మీద సూర్యుడి బొమ్మా చంద్రుడి బొమ్మా గీస్తూ గడిపాడు. బొమ్మలు మాత్రం బాగా గీసేవాడు.

ఇంటికొచ్చాక మొక్కలు దొరికాయి. మట్టి అక్కర్లేదట, నీళ్లలో లవణాలు కలిపి పోస్తే పెరుగుతాయట, లవణాలు గ్రాముల్లో తూచాలట అని ఎక్కడో చదివాడు. గ్రాములు అన్న మాట కంటపడగానే అటక మీది పాత పెట్టె దిగింది. చిన్న త్రాసు, తూకపు బిళ్లలు, గీతల గాజు గొట్టం, అరడజను పాత మందు సీసాలు, అడుగున ఇంకా ఎండిపోని ఎర్ర రంగు బుడ్డి, అన్నీ దిగాయి. వారం తిరిగేసరికి బాల్కనీలో ఆరు బకెట్లు బారుతీరాయి. ఒక్కో దానిలో ఆరు లీటర్ల నీళ్లు, పైన చిల్లుల మూత, చిల్లుల్లో పాలకూర, టమాటా, మిరప.

మిక్స్చర్లు రెండు రకాలు. మొదటి దానిలో కాల్షియం ఉంటుంది, రెండో దానిలో మిగతావన్నీ. చిక్కగా ఉన్నప్పుడు రెండూ కలిపితే విరిగిన పాలలాగా తెల్లగా అడుక్కి దిగిపోతాయి, మొక్కకు ఏమీ అందదు. అందుకని విడివిడి సీసాల్లో ఉంచి, బకెట్లో నిండుగా నీళ్లున్నాక ఒకదాని తర్వాత ఒకటి పోయాలి.

"తోడికోడళ్ల వ్యవహారమన్నమాట. ఇరుకు వంటింట్లో పెడితే కొట్టుకుంటారు, ఇల్లు విశాలంగా ఉంటే సర్దుకుపోతారు" అని కింది వాటాలో ఉండే టైలరమ్మకు వివరించాడు.

"మా ఇల్లు ఇరుకే కాంపౌండరు గారూ" అంది టైలరమ్మ. ఆవిడ దగ్గరా ఒక మిరప మొక్క ఉంది. ఈయన సలహాల మీద అది బతుకుతోందో, ఈయన సలహాలను తట్టుకుని బతుకుతోందో ఇంకా తేలలేదు.

ఒకరోజు పొరపాటున ఒకే బకెట్లో రెండో మిక్స్చరు రెండుసార్లు పోశాడు. రెండూ నీళ్లలాగే ఉంటే ఎవరికైనా జరిగేదే. మళ్లీ అలా జరక్కూడదని రెండోదానిలో పాత బుడ్డిలోని ఎర్ర రంగు ఒక చుక్క వేశాడు. అది గులాబీ రంగుకు తిరిగింది. అచ్చం ఆ రోజుల్లో పిల్లలకిచ్చే మిక్స్చరులాగే. బకెట్‌కు ఒక ఔన్సు, అంటే ముప్ఫై మిల్లీలీటర్లు, ఆ లెక్కన ఆరు బకెట్లకు ఆరు ఔన్సులు. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? కాగితం మడతపెట్టింది, కత్తిరించింది, జిగురు రాసి అంటించింది. ఆరు మెట్లు. ఆ సీసాను చూసుకుని కాంపౌండరు చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వుకున్నాడు.

ఆ హాయి ఎన్నాళ్లో నిలవలేదు. నీళ్లలో ఎంత కలిసిందో చెప్పే చిన్న మీటరొకటి కొన్నాడు. పెన్నులా ఉంటుంది, కొస ముంచితే అంకె చూపిస్తుంది. ఇక చూడండి, లేస్తే మీటరు, కూర్చుంటే మీటరు. ఎనిమిది వందలుంటే ఎందుకు ఎనిమిది వందలుందని బెంగ. ఏడు వందల తొంభైకి దిగితే ఆ పది ఏమైందని బెంగ. ప్రతి అంకె నోటుబుక్కులో తేదీతో సహా ఎక్కాలి. పాలకూర ఆకు అంచు రవ్వంత పసుపు తిరిగిన రోజున ఆయనకు ముద్ద దిగలేదు. ఆకు వెనక్కి తిప్పి, వెలుగుకు పట్టి, భూతద్దం పెట్టి చూశాడు. లోపల వంటింట్లోంచి దగ్గు వినిపించింది. ఏకాగ్రత చెడుతోందని బాల్కనీ తలుపు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం రెండో మిక్స్చరును రెట్టింపు చిక్కగా కలిపాడు. పాత సీసాలాంటి సీసాలోనే పోశాడు, ఆరు మెట్ల చీటీ అంటించాడు, రంగూ అదే వచ్చేలా చుక్క చూసి వేశాడు. 'చిక్కనిది' అని పేరు చీటీ రాసి అంటించడమే తరువాయి. సరిగ్గా అప్పుడే కిందనుంచి టైలరమ్మ కేక.

"కాంపౌండరు గారూ! నా మిరప మొక్క ఆకులు ముడుచుకుంటున్నాయండీ!"

ఇంకేముంది, ఒకటే పరుగు. తిరిగొచ్చేసరికి చీటీ సంగతి మర్చిపోయాడు. ఒక సీసా బాల్కనీలో ఉంది, ఆ పరుగులో పట్టుకెళ్లిన ఇంకొకటి చేతిలోనే ఉంది. మర్నాటి ఎండకు పాడవుతుందని చేతిలో ఉన్నదాన్ని లోపలికి తెచ్చి, భోజనాల బల్ల పక్కనున్న గూట్లో పెట్టాడు. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మందు సీసా పెట్టే గూడు అదే. ఆ సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. చెయ్యి మాత్రం సరైన చోటికే వెళ్లింది.

మర్నాడు పొద్దున పది గంటలకు బకెట్లలో పోద్దామని గూట్లోంచి సీసా తీశాడు. మందు ఒక మెట్టు కిందికి దిగి ఉంది. పక్కనే చిన్న గ్లాసు కడిగి బోర్లించి ఉంది.

"ఇదిగో, ఈ సీసాలోంచి ఎవరు తీశారు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?" అంది భార్య బట్టలు మడతపెడుతూ. "నేనే. ఇందాక టిఫిన్ అయ్యాక ఒక మోతాదు వేసుకున్నాను. ఏం కలిపారో గానీ ఉప్పగా, చేదుగా, పాడు రుచి."

కాంపౌండరుకు పై ప్రాణాలు పైనే పోయాయి. "తాగావా? ఎందుకు తాగావు?"

"అదేం ప్రశ్న? దగ్గుకు."

"ఏ దగ్గుకు?"

ఆవిడ మడతపెడుతున్న చీర చేతిలోనే ఆపి ఆయన వైపు చూసింది. కోపం కాదు. తలుపు కొట్టిన ఇల్లు తప్పని తెలిసిన మనిషి చూపు అది. ఏదో అనబోయి దగ్గింది. పొడిగా, తెరలు తెరలుగా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గింది.

"అది మందు కాదే. మొక్కలకు కలిపింది" అన్నాడు కాంపౌండరు.

టైలరమ్మ స్కూటరు తీసింది. వెనక సీటు మీద భార్యను కూర్చోబెట్టి పంపి, కాంపౌండరు నోటుబుక్కు చంకలో పెట్టుకుని వీధిలో పరుగు లాంటి నడకతో పోయాడు. ఆస్పత్రికి ఆరువందల అడుగులు. ముప్ఫై ఎనిమిదేళ్లు రోజూ నడిచిన దారే అయినా ఆ రోజు అది ఎంతకీ తరగలేదు. 'నా చేత్తో కలిపాను. నా చేత్తో గూట్లో పెట్టాను' అన్నదొక్కటే తలలో తిరుగుతోంది.

ఆయన చేరేసరికి డాక్టరమ్మ ఆవిడను మంచం మీద పడుకోబెట్టి బీపీ చూస్తోంది.

"అందులో ఏమేం ఉన్నాయి అంకుల్?"

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబుంది. "పొటాషియం నైట్రేటు, మెగ్నీషియం సల్ఫేటు, పొటాషియం ఫాస్ఫేటు. మిగతావి ఆవగింజంత."

"పొటాషియమా?" డాక్టరమ్మ ముఖం మారింది. "ఆంటీ వేసుకుంటున్న బీపీ మాత్ర పొటాషియాన్ని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. ఎక్కువైతే గుండె లయ తప్పొచ్చు. ఎంత లోపలికి వెళ్లింది?"

"ఒక ఔన్సు."

"ఔన్సులో ఎన్ని గ్రాములు?"

కాంపౌండరు నోటుబుక్కు తెరిచాడు. పోయిన వారం పేజీ ఉంది. నిన్నటి పేజీ ఖాళీగా ఉంది. గూట్లో పెట్టింది పాతదా, రెట్టింపు చిక్కదనం ఉన్నదా? నిన్న సాయంత్రం చేతిలో ఉన్నదేది? కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. రెండు సీసాలూ ఒకే రంగులో, ఒకేలాంటి చీటీలతో, కవల పిల్లల్లా కనిపించాయి.

"సుమారుగా..." అని ఆగిపోయాడు.

ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆ మాట ఆయన నోట ఆ గదిలో రావడం అదే మొదటిసారి. డాక్టరమ్మకూ అది తెలుసు.

"సుమారు వద్దు అంకుల్" అంది మెల్లగా. "రక్తం పరీక్షకు పంపిస్తున్నాను, ఫలితం రావడానికి టైం పడుతుంది. ఈలోగా ఈసీజీ తీస్తాను. తాగింది పలచనిదైతే కనిపెట్టుకుని ఉంటే సరిపోవచ్చు. చిక్కనిదైతే పెద్దాస్పత్రికి పంపించడమే మంచిది. ఏదో మీరు తేల్చగలరా?"

తేల్చగలడు. మిగిలిన అయిదు మెట్లు ఇంట్లోనే ఉన్నాయి.

స్కూటరు మీద వెనక్కి వస్తుంటే టైలరమ్మ ఏదో ధైర్యం చెబుతోంది గానీ ఒక్క ముక్కా చెవికెక్కలేదు. మెట్లెక్కి, చెప్పులతోనే లోపలికి వెళ్లి, లీటరు జాడీలో కుళాయి నీళ్లు పట్టాడు. మీటరు ముంచాడు. నూట ఎనభై. అది నీళ్ల సొంత లెక్క. గూట్లోని సీసా తెచ్చి గాజు గొట్టంలోకి అయిదు మిల్లీలీటర్లు వంచబోతే ఏడు దాకా పోయింది. పారబోశాడు. మళ్లీ వంచితే నాలుగే పడింది. వేలెడంత గొట్టంలో అయిదు గీత దగ్గర నిలపడానికి, లక్షల సార్లు నిలిపిన చేతికి, అప్పుడు మూడు ప్రయత్నాలు పట్టాయి.

జాడీలో పోసి కలిపి మీటరు ముంచాడు. అంకె పరుగెత్తింది. మూడొందలు, నాలుగొందలు, నాలుగొందల డెబ్భై. చిక్కనిదైతే ఎనిమిది వందల దాకా పోవాలి. ఎక్కడ ఆగుతుందా అని చూస్తూ నిలబడ్డాడు. నాలుగొందల తొంభై దగ్గర ఆగింది. మళ్లీ తీసి, తుడిచి, ముంచాడు. నాలుగొందల తొంభై. అందులోంచి నూట ఎనభై తీసేస్తే మూడొందల పది. పోయిన వారం పాత మిక్స్చరును ఇలాగే కొలిచి, నోటుబుక్కులో తన చేత్తో రాసుకున్నదీ మూడొందల పదే.

"పాతదేనమ్మా" అన్నాడు ఫోనులో. "పలచనిదే. ఔన్సులో నైట్రేటు ఒకటిన్నర గ్రాము, సల్ఫేటు ఒకటిన్నర, ఫాస్ఫేటు ముప్పావు గ్రాము."

"గట్టిగా చెబుతున్నారా?"

"రెండుసార్లు కొలిచాను."

"ఈసీజీ కూడా బాగానే ఉంది. రక్తం ఫలితం కూడా చూసుకుందాం. మీరు నిదానంగా రండి, పరుగెత్తకండి" అంది డాక్టరమ్మ. ఫోను పెట్టేశాక కాంపౌండరు వంటింటి గట్టును పట్టుకుని ఏడ్చాడు. టైలరమ్మ చూడనట్టు కిటికీలోంచి బకెట్ల వైపు చూస్తూ నిలబడింది.

నిదానంగా వెళ్లడం ఆయన వల్ల కాలేదు. మళ్లీ పరుగే. భార్యను పడుకోబెట్టిన మంచం ఆయన పాత కిటికీ పక్కనే ఉంది. కిటికీ వెనక ఇప్పుడు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మధ్యాహ్నానికి రక్తం ఫలితం వచ్చింది. అంతా హద్దుల్లోనే ఉంది. సాయంత్రం మరోసారి చూసి పంపిస్తానని చెప్పి, డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇంతకీ అంకుల్, ఆంటీకి ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

కాంపౌండరు టమాటా మొదటి పువ్వు ఏ రోజు పూసిందో చెప్పగలడు. మూడో బకెట్లో నీళ్లు ఏ రోజు ఎన్ని గీతలు తగ్గాయో చెప్పగలడు. నోటుబుక్కు చంకలోనే ఉంది. అందులో ఎక్కడా దగ్గు లేదు.

"ఇరవై రెండు రోజులు" అంది భార్య. "టమాటా పువ్వేసిందని అందర్నీ పిలిచి చూపించారే, ఆ రోజు మొదలైంది."

డాక్టరమ్మ పాత చీటీ తిరగేసింది. "నేననుకున్నదే. బీపీ మాత్ర మార్చినప్పుడు చెప్పాను కదా, ఇది కొందరికి పొడి దగ్గు తెస్తుంది, వస్తే వెంటనే చెప్పండి అని. మాత్ర మార్చేస్తే తగ్గిపోతుంది."

ఆ రోజు కాంపౌండరుకు బాగా గుర్తుంది. డాక్టరమ్మ ఆ మాట చెబుతుంటే మధ్యలోనే అడ్డుపడి, "తాతకు దగ్గులు నేర్పకమ్మా, ఈ మాత్రల సంగతి నాకు తెలియదా?" అని నవ్వినవాడు తనే. డాక్టరమ్మ ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు. మర్యాదస్తురాలు.

భార్య ఎత్తింది. "తాతకు దగ్గులు నేర్పక్కర్లేదు డాక్టరమ్మా. దగ్గు వినడం నేర్పితే చాలు."

డాక్టరమ్మ నవ్వాపుకోలేక చీటీ రాసే నెపంతో తల వంచుకుంది. కాంపౌండరుకు నవ్వు రాలేదు. గోడకున్న కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎవరు దగ్గినా, చీటీ రాకముందే, ఆ దగ్గు ఎలాంటిదో ఆ కిటికీ వెనకనుంచి విని చెప్పేవాడు.

సాయంత్రం ఇల్లు చేరాక ఆయన మొదట చేసిన పని పేరు చీటీలు రాయడం. రెండు సీసాలకూ, రంగు లేని మొదటి మిక్స్చరుకూ, లవణాల డబ్బాలకూ, ఆఖరికి రంగు బుడ్డికి కూడా, 'మొక్కలకు మాత్రమే, తాగరాదు' అని ఎర్ర సిరాతో బొటనవేలంత అక్షరాలు రాసి అంటించాడు. గులాబీ సీసాల మీది మెట్ల చీటీలను నీళ్లతో నానబెట్టి గోకేశాడు. అన్నీ బల్ల మీద వరసగా పెట్టి భార్యకు చూపించాడు.

"ఇదిగో చూడు. ఇక భయం లేదు. ఎవరు చూసినా తెలుస్తుంది."

ఆవిడ కొత్త మాత్ర మింగి గ్లాసు కింద పెట్టింది. సీసాల వైపు ఒకసారి చూసింది.

"ఎవరైనా చూస్తే తెలుస్తుందేమో. నేను చూడనుగా" అంది. "మీరు కలిపిన సీసా మీద ఏం రాసుందో నేనెప్పుడు చదివానని? మీరు కలిపారంటే తాగడమే. ఇన్నేళ్లూ అంతేగా."

"మరి అంత పాడు రుచిగా ఉంటే ఉమ్మేయొద్దా?"

"మీ మందు ఏనాడు రుచిగా ఉంది గనక?" ఆవిడ నవ్వబోయి దగ్గింది. దగ్గు తెరిపిచ్చాక గొంతు తగ్గించి అంది, "ఎన్నాళ్లకో కలిపారనుకున్నాను. పాపం, పైకి అనకపోయినా విన్నారనుకున్నాను. అందుకే ఒక్క గుక్కలో తాగేశాను."

కాంపౌండరు సీసాలన్నీ తీసుకెళ్లి బాల్కనీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళం పడిందో లేదోనని లాగి చూశాడు. నాలుగడుగులు వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి లాగాడు. మీటరు ముంచాల్సిన వేళ దాటిపోయింది. బకెట్ల వైపు చూసి కూడా ముంచకుండా లోపలికొచ్చి, బాల్కనీ తలుపు బార్లా తెరిచిపెట్టి, భార్య మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు.

కూర్చోవడం కష్టంగానే ఉంది. కాళ్లు లేద్దామంటున్నాయి, చేతులు ఏదైనా తూద్దామంటున్నాయి. చేతులు రెండూ మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు. ఆవిడ నిద్రపోయేలోగా ఏడుసార్లు దగ్గింది. ఏడూ విన్నాడు.